అవ్వ మడిచీర, నా నెట్‌వర్కు

పోయిన నెలలో పులివెందులకు పోయివచ్చాను. నేను పీజీ చదివిన కాలేజీలో ప్రాజెక్టు పరీక్షలకు బయటినుంచి ఎగ్జామినరు కావాలని, ప్రొద్దుటూరులో నేను పాఠాలు చెప్పే కాలేజీకి కబురు వస్తే నన్ను పంపారు. అదే ల్యాబు, అదే పై అంతస్తు. మెట్లెక్కేసరికి ఆయాసం వచ్చి వరండాలో స్తంభానికి ఆనుకుని కాసేపు నిలబడ్డాను. చదువుకునే రోజుల్లోనూ అక్కడే నిలబడి ఊపిరి కూడదీసుకునేదాన్ని. లోపల పిల్లలు ఒకరి తరువాత ఒకరు వచ్చి తెర మీద గీతలు చూపించారు. ఐదో తరం ఫోన్ల నెట్‌వర్కు, సాఫ్ట్‌వేరుతో దారులు మార్చుకునే నెట్‌వర్కు, ఊరంతా సెన్సర్లు పెట్టి వీధిదీపాలు నడిపే నెట్‌వర్కు. అన్నీ కంప్యూటరు లోపలే కట్టినవి, లోపలే నడిచినవి. గీతలన్నీ ఇస్త్రీ చేసినట్లు నున్నగా ఉన్నాయి. పిల్లలు కష్టపడ్డారు, మార్కులు వేశాను. కానీ సాయంత్రం బస్సులో కళ్ళు మూసుకుంటే, ఎందుకో, తడి నూలుచీర వాసన తగిలినట్లయింది. మా అవ్వ చీర. నా చదువు కొన్నాళ్ళు ఆ చీర దగ్గర ఆగిపోయింది. దాని సంగతి ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే రాయాలనుకున్నాను. ఈ మధ్య ఓపిక పొద్దునే వచ్చి మధ్యాహ్నానికల్లా వెళ్ళిపోతోంది.

మాది జమ్మలమడుగు. మా నాయన మా వీధి చివర ఉన్న చిన్న గుడిలో అర్చకుడు. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నన్ను పెంచింది నాయన తల్లి, మా అవ్వ. చిన్నతనంలోనే నాకు కీళ్ళజ్వరం వచ్చి, అది గుండెను కూడా తాకిందని ప్రొద్దుటూరు డాక్టరు చెప్పాడట. పరుగెత్తకూడదు, బరువులెత్తకూడదు, క్రమం తప్పకుండా సూది వేయించుకోవాలి. బడికి పంపితే పిల్లల మధ్య కుదురుగా ఉండదని నాయన నన్ను బడికి పంపనేలేదు. ఉదయం గుడి పూజ ముగించుకుని వచ్చి, ప్రసాదం నా చేతిలో పెట్టి, వసారాలో కూర్చోబెట్టేవాడు. మా వసారా అంతా నల్లటి నాపరాళ్ళు. అదే నా పలక. ఆయన సుద్దముక్కతో ఒక రాయి మీద లెక్క వేస్తే నేను పక్క రాయి మీద చేయాలి. లెక్కలు పెద్దవయ్యేకొద్దీ రాళ్ళు దాటి గడపదాకా పోయేవి. ఎవరైనా ఇంటికి వస్తే నాయన కూర్చున్నచోటి నుంచే, "కొంచెం గోడవార రాప్పా, ఆడ మా పాప లెక్క ఉండాది" అనేవాడు. సాయంత్రం దీపం పెట్టేముందు అవ్వ బిందెతో నీళ్ళు తెచ్చి వసారా కడిగేసేది. చదివిందంతా కాలువలోకి పోయేది. అందుకని కడగకముందే అంతా నోటికి రావాలి. వేదం నేర్పేటప్పుడు చెప్పినట్లే నాయన ఒకసారి అంటే నేను రెండుసార్లు అనేదాన్ని. ఎక్కాలైనా, ఇంగ్లీషు క్రియలైనా అదే స్వరం. పదోతరగతీ ఇంటరూ ప్రైవేటుగా రాశాను, డిగ్రీ దూరవిద్యలో చదివాను. అన్నిటికీ నాయన ఓపికే మూలం, ఆ ఓపిక ఇచ్చింది ఆ స్వామి. ఇవాళ్టికీ పొద్దున లేవగానే ముందు ఆ ఓపికకే దండం పెట్టుకుంటాను.

రాష్ట్రం విడిపోయిన కొత్తలో పులివెందులలో నాకు పీజీ సీటు వచ్చింది. క్లాసురూమును లోపలినుంచి చూడడం నాకదే మొదలు. ఏ బెంచీలో కూర్చోవాలో తెలియక గోడపక్కన నిలబడితే, వేముల నుంచి వచ్చే రమాదేవి అనే అమ్మాయి తన సంచి తీసి కింద పెట్టి, "కూచో మే, ఈడ యెవురి పేరూ రాసిపెట్టలే" అంది. వాళ్ళది వ్యవసాయం ఇల్లు, చీనీతోట ఉంది, బత్తాయిలను మావైపు అలాగే అంటారు. మాట గట్టిది, మనసు మెత్తనిది. చదువు అయ్యేదాకా నేను ఆమె పక్కనే కూర్చున్నాను. సంచిలో ఎప్పుడూ రెండు చీనీకాయలు ఉండేవి. ఒకటి నాకు. మడి ఇంటి పిల్లనని నా కోసం చేతులు కడుక్కుని మరీ ఒలిచేది, ఒలుస్తూ, "నీ పక్కన కూచుంటే నాకు పుణ్యమన్నా వస్తాది, మార్కులు యెట్లాగూ రావు" అనేది.

ఆఖరి సంవత్సరంలో నెట్‌వర్కుల్లో ఇప్పుడున్నవీ ఇకముందు రాబోయేవీ అయిన సాంకేతికతల మీద ఒక పేపరు ఉండేది. మహబూబ్ సారు చెప్పేవారు. ఒక కంప్యూటరు మాటను చిన్నచిన్న ముక్కలు చేసి పంపుతుందనీ, అందినట్లు అవతలినుంచి జవాబు రాకపోతే అదే ముక్కను మళ్ళీ పంపుతుందనీ ఆయన మొదట చెప్పినప్పుడు క్లాసులో సగంమంది ఆవలిస్తున్నారు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. జవాబు రాకపోయినా మళ్ళీ పంపడమనేది రోజూ దేవుణ్ణి పిలిచే మా ఇంట్లో కొత్త సంగతి కాదు. వైర్లు లేకుండా చిన్న చిన్న పరికరాలు తమలో తామే మాట్లాడుకుని, ఒక దారి మూసుకుపోతే ఎవరూ చెప్పకుండానే ఇంకో దారి వెతుక్కునే నెట్‌వర్కులు వస్తున్నాయని చెప్పారు. దాన్నే ప్రాజెక్టుగా ఎంచుకున్నాను.

అప్పటి అలసట ఇప్పుడు తలుచుకున్నా మోకాళ్ళలోకి వస్తుంది. చీకటితోనే లేచి, దీపం పెట్టి, అవ్వ కలిపిచ్చిన పెరుగన్నం డబ్బా పట్టుకుని జమ్మలమడుగు బస్టాండుకు నడవాలి. ముద్దనూరులో దిగి ఇంకో బస్సు. సీటు దొరికితే ఆ రోజు మంచిరోజు. దొరకనిరోజు కడ్డీ పట్టుకుని విష్ణునామాలు అనుకుంటూ నిలబడేదాన్ని, భక్తితో కొంత, పడిపోకుండా ఉండటానికి కొంత. ప్రాజెక్టు సంవత్సరం మొదలయ్యేసరికి డాక్టరు నాయనను పక్కకు పిలిచి మాట్లాడాడు. ఇంటికి వచ్చాక నాయన నా ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పాడు.

"ఈ పరీక్షలతో సరి తల్లీ. పాసైతే ఇంత దూరం పోకుండా ప్రొద్దుటూర్లో యాడన్నా పాఠాలు చెప్పుకోవచ్చు. ఏదన్నా పోయిందనుకో, మళ్ళీ ఇంకో ఆరునెలలు ఈ బస్సుల్లో నేను పంపలేను. నీ చదువు కంటే నువ్వు కావాల నాకు."

సరేనన్నాను. ఆయన అడగడంలో తప్పులేదు. అయితే ఆ మాటతో నాకు మిగిలింది ఒక్క అవకాశమే అయింది.

నా ప్రాజెక్టు మా పెరట్లోనే పెట్టుకున్నాను. గుడికి పూలు మా పెరటివే. నందివర్ధనం, మల్లె, కనకాంబరం, తులసి. జమ్మలమడుగు ఎండలకు పాదులు ఎప్పుడు ఎండుతాయో ఎప్పుడు తడపాలో కనిపెట్టడం అవ్వకు పెద్ద పని. పాదులో ఒక పరికరం గుచ్చితే అది మట్టిలో తడి ఎంతుందో కొలిచి, వైరు లేకుండా నడవలో ఉన్న రెండో పరికరానికి చెబుతుంది. అది వసారాలో కంప్యూటరు పక్కనున్న మూడోదానికి అందిస్తుంది. అక్కడినుంచి ఫోను నెట్టు ద్వారా పులివెందుల ల్యాబులోని తెర మీదికి గీతగా పోతుంది. మావి మట్టిగోడలు, మూరెడు మందం. అవి దాటి సిగ్నలు పోదు. పెరటికీ వసారాకూ మధ్య తెరుచుకుని ఉన్న దారి ఆ నడవ ఒక్కటే. నడవలోని పరికరం చిన్న దీపం వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే అవ్వ కొన్నాళ్ళు దాన్ని అనుమానంగా చూసింది.

"ఏందే పాపా అది, మిణుగురుపురుగు మాదిరి మినుక్కు మినుక్కు మంటాంది?"

"పూలచెట్లకు దప్పికైతే చెప్తాది అవ్వా."

"వాటికి దప్పికైతే నాకు తెలీదా? ఇన్నేండ్లు యెవురు చెప్పినారు? సరే, ఉండనీలే పాపం, ఒక మూలకు ఉండాది గదా."

గీత కొన్నాళ్ళు బాగానే వచ్చినట్లు అనిపించింది. దగ్గరగా చూస్తే ప్రతిరోజూ ఉదయం తెల్లారగానే తెగిపోయేది. పొద్దెక్కాక, మధ్యాహ్నం భోజనాల వేళకు ముందు, మళ్ళీ దానంతట అదే వచ్చేది. మొదటి రివ్యూలో మహబూబ్ సారు ఆ ఖాళీల మీద వేలుపెట్టి, "ఏమ్మా, నీ ప్రోగ్రాము పొద్దన్నే పండుకుంటాందా?" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఎందుకు తెగుతాందో తెలుసుకోకుండా రెండో రివ్యూకు వస్తే బయటి ఎగ్జామినరు ఒప్పుకోడు. నేను కూడా నిన్ను కాపాడలేను."

నేను వెతకని కారణం లేదు. బ్యాటరీలు మార్చాను. పక్కింటివాళ్ళు పొద్దున మోటారు వేస్తారు, దానివల్లనేమోనని ఒకరోజు వేయవద్దని బతిమాలాను. ప్రోగ్రాము మొత్తం మొదటినుంచి రాశాను. గుడి మైకు మీద కూడా అనుమానపడ్డాను. రమాదేవికి నన్ను చూసి జాలి వేసింది.

"యేందిమే నీ బాధ. ఆ పొద్దటి గంటలు తీసేయ్. మిగిలింది దగ్గరికి జరిపి పెట్టు. యెవురు చూస్తారు?"

"దేవుడు చూస్తాడు."

"ఆయప్పకు వేరే పన్లేదా, నీ గ్రాఫు చూస్తా కూచుంటాడా?" అంది. అని, నా మొహం చూసి, చీనీకాయ నా చేతిలో పెట్టి ఊరుకుంది.

ఆ రోజుల్లోనే చెన్నూరులో మా దాయాది ముసలాయన ఒకరు పోయారు. మాకు మైల వచ్చింది. నాయన గుడికి వెళ్ళకూడదు, పూజకు ఇంకొకరిని పెట్టారు. ఇంట్లో దేవుడి గది తలుపు మూసి ఉంది. మైల రోజుల్లో మా ఇల్లు వేరే ఇల్లులా ఉంటుంది. గంట మోగదు, మడి ఉండదు, అవ్వ కూడా పని లేనట్లు గోడకానుకుని కూర్చుంటుంది. బస్సు ఎక్కి పోయి ల్యాబులో గీత చూసుకుంటే, తెగలేదు. మరునాడూ తెగలేదు. మైల ఉన్నన్నాళ్ళూ ఉదయం, మధ్యాహ్నం, రాత్రి నిండుగా, ఒకే దారంలా వచ్చింది. నేను ఆనందం పట్టలేక ఇంట్లో చెప్పాను. నాయన తలూపాడు. అవ్వ మాత్రం మొహం చిన్నబుచ్చుకుంది.

"దేవునికి దీపం లేన్నాళ్ళు బాగా పనిచేస్తాదంట. అదేం వస్తువో, యేమో."

శుద్ధి అయిన మరునాడు నేను కాలేజీకి పోలేదు. తెల్లవారకముందే నడవకు ఈ చివర, వసారా గడప మీద కూర్చున్నాను. అవ్వ పెరట్లో బావినీళ్ళు తానే తోడుకుని తల మీద పోసుకుంది. మడికి ఇంకొకరు తోడిన నీళ్ళు పనికిరావు. తడిచీరతో లోపలికి వచ్చి, పొడవాటి కర్రతో నడవలో ఎత్తున వేలాడే దండెం మీదనుంచి నిన్న ఆరేసిన చీర దించుకుంది. అది కట్టుకుని, ఇప్పుడు విప్పిన తడిచీరను పెరట్లో పిండుకుని వచ్చి, మడతలు వేసి, అదే కర్రతో ఎత్తి దండెం మీద వేసింది. రేపటిదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. దాని కింద నడిచేటప్పుడు నేను చిన్నప్పటినుంచీ తల వంచుకునే నడిచాను. ఆ తొమ్మిది గజాల నూలుచీర నీళ్ళు కారుతూ అడ్డంగా వేలాడగానే, నడవలోని పరికరం దీపం ఎర్రగా మారింది.

నీళ్ళు ఆ రకం సిగ్నలును తాగేస్తాయని పుస్తకంలో చదివే ఉన్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అది మా నడవలో, నా తల మీద, ప్రతిరోజూ జరుగుతున్నదే అని మాత్రం తోచలేదు. పుట్టినప్పటినుంచీ అక్కడే ఉన్న చీర అది. గోడను చూసినట్లే చూస్తాం.

మధ్యాహ్నం వసారాలో నాయనకు చెబుతున్నాను. దండెం జరపడం కుదరదని ఇద్దరికీ తెలుసు. వంటింటికీ దేవుడి గదికీ మధ్య, దేన్నీ తాకకుండా అందుకునే చోటు అదొక్కటే. అవ్వ కాపురానికి వచ్చిన నాటినుంచీ అదే చోటు. పరికరాన్నే ఇటు జరుపుదామంటే, నడవలో ఎక్కడ పెట్టినా పెరటికీ వసారాకూ మధ్య దండెం పడుతుంది. అవ్వ వంటింట్లో ఉందనుకున్నాం. గుమ్మంలోనే ఉంది.

"నా చీరనేనా అడ్డం?" అంది. కోపంగా కాదు. అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆలోచించగా నాకు తోచిందేమంటే, ఆ అడ్డం తీయవలసిన పనే లేదు. నేను కడుతున్నదే దారి మూసుకుపోతే ఇంకో దారి వెతుక్కునే నెట్‌వర్కు. దానికి నేను రెండో దారి ఇవ్వలేదు, అంతే. మిద్దె మీద ఇంకొక పరికరం పెడితే పెరటినుంచి పైకి, పైనుంచి వసారాకు పోతుంది. నన్ను నిచ్చెన ఎక్కనివ్వరు కాబట్టి ఆదివారం రమాదేవి వేముల నుంచి వచ్చింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని మిద్దె ఎక్కి, పైనుంచి కేకేసింది.

"అవ్వా, మీ మిద్దె కూలితే నన్ను అనొద్దు."

"కూలితే నువ్వు కింద పడతావు, నేను ఎందుకంటా? చూసి కాలుపెట్టు. ఆ మూల వానకు కారేచోటు, మెత్తగుంటాది."

"చెప్పేది ముందే చెప్పల్ల గదా అవ్వా. కాలు సగం దిగిపోయింది."

పరికరం పెట్టాం. ఇక పొద్దున దారి తెగినప్పుడు అది ఎంతసేపటిలో పై దారి పడుతుందో కొలవాలి. మరునాడు చూశాను. తెగలేదు. ఆ తరువాతా తెగలేదు. వారం దగ్గరపడింది. తెగకపోతే అతుక్కోవడం ఎక్కడిది? కొత్త దారిలో ఒక్క ముక్క కూడా పోలేదు. మహబూబ్ సారు నెత్తి గోక్కున్నారు. "అప్పుడు తెగుతాదని ఏడిస్తివి, ఇప్పుడు తెగలేదని ఏడుస్తాండావు. తెగితేనే గదమ్మా నువ్వు చేసిందేందో కనపడేది. రివ్యూ దగ్గరికొచ్చింది."

సెలవుపూట వంటింట్లోకి తొంగిచూస్తే తెలిసింది. అవ్వ పట్టుచీర కట్టుకుని పొయ్యి ముందు కూర్చుని ఉంది. ఆమె పెళ్ళినాటిది, పెట్టె అడుగునుంచి తీసింది, భుజం దగ్గర పిగిలి ఉంది. పట్టుకు మడి పోదు, రోజూ తడపనక్కరలేదు. నడవలో దండెం ఉత్తగా వేలాడుతోంది. ఎండాకాలం, పొయ్యి సెగ, ఒంటినిండా పట్టు. మెడకింద చెమటపొక్కులు ఎర్రగా లేచి ఉన్నాయి. వారం రోజులుగా ఒక్కమాట చెప్పలేదు. నేను గడప ఇవతలే కూర్చున్నాను, మడిలో ఉన్న మనిషిని ముట్టుకోలేను గదా.

"అవ్వా, పాత చీరే కట్టుకో. తడిదాన్ని ఆడనే ఆరెయ్."

"అడ్డమంటివి."

"అడ్డమే కావల్ల ఇప్పుడు."

అవ్వ గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "ఏమే, నీ చదువు నీకన్నా అర్థమైతాందా? మొన్న తియ్యమంటివి, ఈరోజు వెయ్యమంటాండావు."

తియ్యమని నేను అనలేదు. కానీ ఆ మాట చెప్పి లాభం లేదు. దారి మూసుకుపోవడం, ఇంకో దారి దొరకడం నాకు చేతనైనట్లు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, చివరికి, "సరే. యెట్ల చేస్తే నువ్వు పాసవుతావో అది చెప్పు, అట్ల చేస్తా. మిగతాది నాకెందుకు" అంది. మరునాటి ఉదయం గీత తెగింది. కొద్ది క్షణాల్లో మిద్దె మీదుగా మళ్ళీ వచ్చింది. ల్యాబులో అది చూసి నేను కుర్చీలోనే కళ్ళు మూసుకుని స్వామికి చెప్పుకున్నాను. పక్కన రమాదేవి, "ఈసారి ఆయప్ప చూసినట్లుండాడే" అంది.

రివ్యూ రోజున బయటి ఎగ్జామినరు కోస్తా నుంచి వచ్చారు. పెద్దమనిషి, మాట నెమ్మది. పొద్దున పదింటికి అన్నది నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం బాగా వాలింది. నా గీతలన్నీ శ్రద్ధగా చూశారు. చూసి కళ్ళజోడు తీశారు.

"బాగానే ఉందమ్మా. కానీ ఇవన్నీ ముందే రాసిపెట్టుకున్న అంకెలు కావచ్చు కదా. ఆ అడ్డమేదో ఇప్పుడు నా ముందు పెట్టి, దారి మారడం చూపించగలవా?"

ఉదయం వేసిన చీర అప్పటికి ఆరిపోయి ఉంటుంది. మహబూబ్ సారు నా వైపు చూశారు. నేను వరండాలోకి వెళ్ళి నాయనకు ఫోను చేశాను. ఏదైనా తడి దుప్పటి ఆ దండెం మీద వేయమన్నాను.

"ఆ దండెం మీద వేరే గుడ్డ పడనిస్తాదా మీ అవ్వ? ఉండు, అడుగుతా." ఫోనులో అవ్వ గొంతు దూరంగా వినిపించింది, మాటలు తెలియలేదు. నాయన మళ్ళీ వచ్చాడు. "మళ్ళీ తలమీద పోసుకుంటానని బాయి కాడికి పోయింది. పొద్దన్నుంచి అన్నం తినలేదు తల్లీ. తింటే మడి పోతాది, పాపకు ఏ టయానికి అవసరమొస్తాదోనని అట్లే కూచోనుంది. నేను తోడిస్తానంటే వద్దంటాంది. కొంచెం ఓర్చుకోమను వాళ్ళను."

తాత పోయినప్పటినుంచీ అవ్వది ఒంటిపూట భోజనం. ఆ ఒక్క పూటా తినలేదు. మా బావి ఎండాకాలం లోతు. ల్యాబులో ఎగ్జామినరుగారు గడియారం చూసుకున్నారు. టీ వచ్చింది. నేను నిలబడే ఉన్నాను. తెర మీద గీత తిన్నగా, ఏమీ పట్టనట్లు పోతూ ఉంది. అక్కడ ఒక ముసలి మనిషి చేంతాడు లాగుతోందని దానికేం తెలుసు. టీ గ్లాసులు తీసుకుపోయారు. ఎవరో దగ్గారు. నాకు లోపల నామాలు కూడా సరిగ్గా రావడం లేదు, మధ్యలో తప్పిపోతున్నాయి.

గీత తెగింది. ఆ ఖాళీ కొద్దిగా సాగింది, ఇంకొంచెం సాగింది, తరువాత గీత మళ్ళీ మొదలైంది, పక్కన మిద్దె మీది పరికరం పేరుతో.

"అక్కడ అడ్డం పెట్టిందేమిటమ్మా?"

"తడిచీర సార్. మడిది."

"ఎవరు పెట్టారు?"

"మా అవ్వ సార్."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు రాసుకున్నారు. ఎంత వేశారో తరువాత తెలిసింది. పాసయ్యానని మాత్రం మహబూబ్ సారు మొహంలోనే కనిపించింది.

ఆ చదువే నాకు ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది. ఇప్పుడు ప్రొద్దుటూరులో నేనుండే ఫ్లాట్లో గదిగదికీ వైఫై ఉంది. బట్టలు బాల్కనీలో స్టీలు స్టాండు మీద ఆరుతాయి, దేనికీ అడ్డం కావు. నాకు మడి కట్టుకునే శక్తి లేదు, దీపం పెట్టి నాలుగు నామాలు అనుకుని కాలేజీకి పోతాను. నేను క్లాసులో చెప్పే పాఠాల్లో సిగ్నలుకు అడ్డం వచ్చేవాటి పట్టిక ఉంది: గోడలు, చెట్లు, వాన, మనుషులు. పిల్లలు రాసుకుంటారు. ఆ పట్టికలో చేర్చవలసింది ఒకటుందని ప్రతి ఏడూ అనుకుంటాను, చెప్పబోయి మానేస్తాను. చెప్పాలంటే చాలా చెప్పాలి. గంట కొట్టేస్తారు. అవ్వా లేదు, నాయనా లేడు, జమ్మలమడుగు ఇల్లు వేరేవాళ్ళది. అప్పుడు ప్రతి పనికీ ఎవరో ఒకరి ఒళ్ళు అలసిపోయేది. ఇప్పుడు పనులన్నీ వాటంతట అవే జరుగుతున్నాయి, అయినా అలసట నాకు అప్పటికంటే ఎక్కువగా ఉంది. ఇందులో తప్పెవరిదీ లేదు. నాకు దొరికింది చాలా ఎక్కువే.

ఆ రివ్యూ రోజున నేను ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. నాయన కూడా తినకుండా వసారాలో కూర్చుని ఉన్నాడు. అవ్వ వంటింటి గోడకానుకుని కాళ్ళు చాపుకుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది, అరచేతుల్లో చేంతాడు చారలు ఎర్రగా ఉన్నాయి.

"పాసేనా?"

"పాసే అవ్వా."

"అయితే కాళ్ళు కడుక్కోని రా. ఆకలైతాంది నాకు."

ఆకలైతోందని అవ్వ నోటివెంట నేను అంతకుముందు వినలేదు. మేమందరం తిన్నాకే ఎప్పుడూ ఆమె తినేది. ఆ పూట నాయన మూడు విస్తళ్ళు ఒకే వరుసలో వేసి, ఆమెను మధ్యలో కూర్చోబెట్టాడు. వద్దనడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది. చల్లారిపోయిన అన్నం, చారు, వంకాయకూర నాయనే వడ్డించి, తన విస్తరి ముందు కూర్చున్నాడు. చారన్నం రెండో ముద్ద చేతిలో ఉండగానే అవ్వ తల గోడకు వాలింది. కళ్ళు మూతపడ్డాయి, నోరు కొద్దిగా తెరుచుకుంది, వేళ్ళ మధ్య ముద్ద అలాగే ఉంది. వరుసలో ఒకరి భోజనం కాకుండా ఇంకొకరు లేవకూడదు. నాయనా నేనూ తినడం ముగించి, చేతులు ఎండిపోతున్నా, ఆమె లేచేదాకా కదలకుండా ఇటూ అటూ కూర్చున్నాం.